దయ్యాలకు మెట్లు కట్టిన ఎండాకాలం

నా ఉద్యోగం ఏమిటని ఎవరైనా అడిగితే ఆ రోజుల్లో మాట మార్చేదాన్ని. ఏం చెప్పమంటారు? దయ్యాలకు ర్యాంకులు వేస్తానంటే ఎదుటివాళ్ళు నన్ను ఎగాదిగా చూసి, కుర్చీ కాస్త వెనక్కి జరుపుకోరూ? మా అమ్మ మాత్రం చుట్టాల దగ్గర "మా పిల్ల సాఫ్ట్‌వేరు" అని ఒక్క ముక్కలో తేల్చేసేది. నేనూ కాదనేదాన్ని కాదు.

అసలు సంగతి ఇదీ. ఫోన్లో వినే కథలు తయారుచేసే ఒక చిన్న కంపెనీలో నేను రాతపనికి కుదిరాను. వాళ్ళకు ఒక పెద్ద ధారావాహిక ఉండేది. ఎవరూ చూడని లోకం, రాజ్యాలు, మంత్రగాళ్ళు, ఎక్కడ కాలు పెడితే అక్కడ దయ్యాలూ రాక్షసులూ. నాకు ముందు రాసినవాళ్ళు ఎవరికి తోచినట్టు వాళ్ళు రాసుకుంటూ పోయారు. ఒక భాగంలో కుండలో దాక్కునే పిల్లదయ్యం ఒకటి లేచి, అడవులు మింగే రాక్షసరాజును ఒక్క చెంపదెబ్బతో పడగొట్టేసింది. వినేవాళ్ళు ఊరుకుంటారా? మా చెవుల్లో పువ్వులు పెడుతున్నారా అని దుమ్మెత్తిపోశారు.

దాంతో కంపెనీ నడిపే సారు ఒక నిర్ణయానికి వచ్చాడు. ఇకమీదట ప్రతి దయ్యానికీ ఒక మెట్టు ఉండాలి. మొత్తం తొమ్మిది మెట్లు. తొమ్మిదోది అన్నిటికన్నా చిన్నది, మొదటిది అన్నిటికన్నా పెద్దది. ఏ దయ్యం ఎక్కడ ఉంటుంది, ఏం తింటుంది, దేనికి బెదురుతుంది, అన్నీ గళ్ళు కట్టి రాయాలి. "మీది పల్లెటూరే కదండీ, ఇవన్నీ మీకు తెలిసే ఉంటాయి" అంటూ ఆ పట్టిక నా నెత్తిన పెట్టాడు. సారుది కోస్తా వైపు. మా రావల్కోల్ అంటే ఆయన లెక్కలో దయ్యాలు బస్టాపులో నిలబడే ఊరు.

నాకు నిజంగా తెలిసిన దయ్యాలు రెండున్నర. కానీ తెలియదని ఎలా చెప్తాను? నాకు మూడు నెలల గడువు పెట్టారు. అందులో రెండు నెలలు అప్పటికే అయిపోయాయి. పట్టిక బాగుంటే ఉద్యోగం నిలబడుతుంది. లేకపోతే మళ్ళీ షామీర్‌పేటలో వెంచరు ఆఫీసుకు పోయి, ఊరూ పేరూ తెలియనివాళ్ళకు ఫోన్లు చేసి "సార్, ప్లాట్ చూస్తారా" అని అడిగి, వాళ్ళు తిట్టే తిట్లు తిని, "థాంక్యూ సార్" అనాలి. ఏడాదిన్నర చేశాను ఆ పని. మళ్ళీ ఆ కుర్చీలో కూర్చోవడం కన్నా నేనే దయ్యాన్నై ఏ చింతచెట్టో ఎక్కడం నయమనిపించేది.

అందుకని మా అవ్వను పట్టుకున్నాను. అవ్వ అంటే మా నాయినకు తల్లి. ఎనభైకి అటో ఇటో ఉంటుంది. అమ్మానాయిన పొద్దున్నే పొలం పోతే ఇంట్లో నేనూ అవ్వా మిగిలేవాళ్ళం. అది చింతపండు కొట్టే కాలం. మధ్యాహ్నం తిండి కాగానే మా రేకుల పందిరి కిందికి ఇద్దరు ఆడవాళ్ళు చేరేవారు. ఒకామె మా వీధి చివరింటి ఖాలా. ఆమె ఇంటివాళ్ళు ఆకుకూరలు పండించి మేడ్చల్ మార్కెట్‌కు పంపుతారు. అవ్వకూ ఆమెకూ యాభై ఏళ్ళ దోస్తీ, యాభై ఏళ్ళ కొట్లాట. రెండో ఆమె మేడ్చల్‌లో ఒక దవాఖానాలో పొద్దుటిపూట ఆయాగా చేస్తుంది. ఆదివారం చర్చిలో పాటలు ఎత్తుకునేది ఆమే. ఊరంతా ఆమెను సిస్టరమ్మ అంటుంది. ఆమె పుట్టిల్లు షామీర్‌పేట. ఈ సంగతి ఆమె ఎవరినీ మరచిపోనివ్వదు.

మొదటిరోజు లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని వాళ్ళ మధ్య కూర్చున్నాను.

"అవ్వా, దయ్యాలు ఎన్ని తీర్ల ఉంటయే?"

అవ్వ చింతకాయ పగలగొడుతూ తల కూడా ఎత్తలేదు. "పట్టపగలు గదేం పంచాదే నీకు?"

"ఆఫీసు పనే అవ్వా."

"ఆఫీసుల దయ్యాల పనేంది?"

"ఏది పెద్దదో ఏది చిన్నదో వరుస పెట్టాల్నంట."

ముగ్గురి చేతులూ ఒక్కసారి ఆగిపోయాయి. మామూలుగా దయ్యాల గురించి అడిగితే పెద్దవాళ్ళు "ఛీ, నోరు మూయ్" అంటారు కదా. కానీ పెద్దదీ చిన్నదీ అనేసరికి అది పరువు వ్యవహారమైపోయింది. నేను చేసిన మొదటి తప్పు అదే. పోటీ పెట్టకుండా అడిగి ఉంటే నా పని పావుగంటలో అయిపోయేది.

"ఇగ సూడు," అంది అవ్వ గొంతు సవరించుకుని, "మా రావల్కోల్ కొరివి దయ్యం అసుంటిది ఈ చుట్టుపక్కల యాడ లేదు. నెత్తి మీద మంట పెట్టుకోని చెరుకుతోట ఈ చివరికెల్లి ఆ చివరికి ఉరికేది. నేను సూశిన."

"నువ్వు సూశింది కొరివి దయ్యం గాదు, ఎవడో బీడీ ముట్టిచ్చుకున్నడు," అంది సిస్టరమ్మ. "కొరివి దయ్యమంటే మా షామీర్‌పేట చెరువు కట్ట మీద ఉండేది. దాన్ని సూసి మా మామ మూడు దినాలు మాట్లాడలె."

"మీ మామ మామూలుగనే మాట్లాడడు గద."

"అరె ఛుప్!" అంది ఖాలా. "మీ ఇద్దరి దయ్యాలు కలిపినా మా జిన్నాత్‌కు సాటి రావు. రాయి బేటీ, జిన్నాత్ ఫస్ట్ నంబర్."

రాశాను. రాసి, దాని పక్కన "ఎలా చనిపోయింది" అన్న గడి నింపబోతే ఖాలా నా చేతి మీద ఒక్కటి వేసింది. "తౌబా తౌబా! జిన్నులు సచ్చినోళ్ళు గాదే పోరీ. వాళ్ళకు ఇండ్లుంటయి, పెండ్లిల్లైతయి, పిల్లలుంటరు. వాళ్ళ ఖాందాన్ అలగ్. నువ్వు తీస్కవొయి గీ దయ్యాల లైన్ల నిలబెడ్తున్నవు. ఇజ్జత్ ఉండొద్దా?"

"మరి ఫస్ట్ నంబర్ రాయమంటివి గద ఖాలా?"

"ఫస్ట్ నంబరే రాయి. గని లైన్ల పెట్టకు."

సిస్టరమ్మ పద్ధతి ఇంకోటి. ఆమె లెక్కలో ఈ కొరివి దయ్యాలూ పిశాచాలూ అన్నీ సైతాను కింద పనిచేసే కూలీలు. "మేనేజర్ ఒక్కడే బిడ్డా. వానిది రాసుకో, తక్కినయి వాని నౌకర్లని రాసుకో. ప్రార్థన జేస్తే అందరు ఒక్క దెబ్బకే ఉరుకుతరు, మెట్లెందుకు?" అంది. మంచి మాటే అనుకుని, సరే, అందరినీ తొమ్మిదో మెట్టు మీద పెడతానన్నాను. వెంటనే ఆమె ముఖం మారిపోయింది. "గట్లనా? మా షామీర్‌పేటది తొమ్మిదో నంబరా? రావల్కోల్‌ది ఎంత పెట్టినవో సూపియ్యి ముందు."

ఇలా నాలుగు రోజులు గడిచాయి. నా పట్టిక చూసుకుంటే మొదటి మెట్టు మీద పదకొండు దయ్యాలు, తొక్కిసలాట. రెండో మెట్టు మీద ఒకటి, అదీ మేడ్చల్ దిక్కుది కాబట్టి. మూడు నుంచి తొమ్మిది దాకా పురుగు లేదు. నా తల ప్రాణం తోకకొచ్చింది. పట్నం చెత్తంతా తెచ్చి పోసే జవహర్‌నగర్‌లో ఉండే సిస్టరమ్మ కూతురిని ఫోన్లో అడిగాను, మీ వైపు చిన్నవేవైనా ఉన్నాయా అని. "మా దిక్కు రావు అక్కా," అందామె నిట్టూర్చి, "చెత్త వాసనకు గవిట్కి గూడ తల తిరుగుతదేమో."

చివరికి దారి చూపింది అవ్వే. ఒక మధ్యాహ్నం నేను లాప్‌టాప్ ముందు తల పట్టుకుని కూర్చుంటే, తన ముందున్న చింతపండు కుప్పలు చూపించింది. గింజ తీసిన మెత్తటి పండు ఒకవైపు, నార ఉన్నది ఒకవైపు, నల్లబడ్డ పాతది ఇంకోవైపు.

"గివన్ని ఒక్క చెట్టుయే. ఎట్ల ఏరు జేసిన్నో సూడు. చెట్టును సూస్తే తెల్వదు, చేతిల పట్టుకోని సూడాలె. నువ్వేమో ఏ ఊరుది, ఎంత మందిని సంపిందని అడుగుతున్నవు. గట్ల గాదు. అది ఏం అడుగుతదో సూడాలె."

"ఏం అడుగుడేంది?"

"ప్రతి దయ్యం ఏదో ఒకటి అడుగుతది. ఎండుచేప ముక్క, ఉల్లిగడ్డ ఇస్తే పోయేది ఉంటది. గది చిన్నది. చీర అడిగేది దానికన్న పెద్దది. కోడి అడిగేది ఇంకా పెద్దది. మనిషిని అడిగేది మస్తు పెద్దది. అడిగిన కొద్ది మెట్టెక్కియ్యి. గంతే."

నేను నోరు వెళ్ళబెట్టాను. నాలుగు రోజుల కొట్లాట ఒక్క మాటతో తెగిపోయింది. ఇక ఊరి పరువు ప్రశ్నే లేదు. సిస్టరమ్మ మామను మూగవాణ్ణి చేసిన షామీర్‌పేట కొరివి దయ్యం అడిగింది చుట్ట ఒక్కటేనని బయటపడి, ఎనిమిదో మెట్టు మీద కూర్చుంది. అవ్వ కొరివి దయ్యం అగ్గిపెట్టె అడిగింది కాబట్టి దాని పక్కనే కూర్చుంది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని పకపకా నవ్వారు. జిన్నాతులను పట్టికలో పెట్టకుండా పైన గౌరవంగా ఒక వరుస విడిగా వదిలాను. ఖాలా నా బుగ్గలు పుణికి, మర్నాడు ఖుబానీ మీఠా చేసి తెచ్చింది.

రెండో మెట్టు దాకా నిండాయి. మొదటి మెట్టు ఒక్కటే ఖాళీ.

"బాలింత దయ్యం రాయరాదూ?" అంది సిస్టరమ్మ. "పురుడు పోసుకునే దినాలల్ల పోయిన ఆడామె. గంత పెద్దది ఇంకేముంటది? ఇండ్లకొచ్చి పిల్లలను అడుగుతదంటరు."

"గది వద్దు," అంది అవ్వ.

"ఎందుకే?"

"వద్దన్న గద. గా ఒక్కదాన్ని లిస్టుల పెట్టకు." అని చింతగింజలన్నీ చాటలోకి ఎత్తుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఖాలా గబగబా కొత్తిమీర పంట గురించి ఏదో ఎత్తుకుంది. ఎవరూ అడగకుండా కొత్తిమీర కబురు ఎందుకొచ్చిందో ఆలోచించే తెలివి నాకు లేకపోయింది. నా ధ్యాసంతా ఖాళీ గడి మీద ఉంది. సోమవారం పట్టిక పంపాలి. శుక్రవారం అయిపోయింది.

శనివారం కూర్చుని ఆ గడిలో బాలింత దయ్యం అని రాసి పంపేశాను. కథకు కదా, అవ్వ వినే కథ కూడా కాదు, ఆమెకు ఎవరు చెప్తారు? ఇలాంటి మాటలు ఎన్ని చెప్పుకోవాలో అన్నీ చెప్పుకున్నాను.

సారుకు తెగ నచ్చింది. మర్నాడే ఫోన్ చేసి "ఏం అడుగుతుందో దాన్ని బట్టి మెట్టు అన్నారు చూడండీ, అది అసలు ముక్క!" అని మెచ్చుకున్నాడు. బొమ్మలు వేసే ఆవిడ చేత అప్పుడే బాలింత దయ్యం బొమ్మ వేయించి పంపాడు. విరబోసుకున్న జుట్టు, నెత్తురు కళ్ళు, చంకలో ఎముకల బిడ్డ. చూడగానే నాకే ఒళ్ళు జలదరించింది. ఉద్యోగం నిలబడినట్టే అనుకున్నాను. ఆ సంతోషంలో కన్నూ మిన్నూ కానలేదు. ఫోన్ పట్టుకుని పందిరి కిందికి ఉరికి "సూడుండ్రి, మన ఫస్ట్ నంబర్!" అని అందరి ముందూ పెట్టాను.

అవ్వ ఫోన్ చేతిలోకి తీసుకుంది. కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసింది.

"గిది గదేనా? నేను వద్దన్నది?"

"ఉత్త కథే అవ్వా..."

తిట్టి ఉంటే బాగుండేది. ఫోన్ నా ఒళ్ళో పెట్టి, లేచి, చేతులు కడుక్కుని లోపల మంచం మీద గోడ వైపు తిరిగి పడుకుంది. చింతపండు కుప్పలు అలాగే ఉండిపోయాయి. అంత కాలంలో అవ్వ పని సగంలో వదిలి లేవడం నేను ఎన్నడూ చూడలేదు.

ఖాలా నా చెయ్యి పట్టుకుని వాకిలి బయటికి లాక్కుపోయింది. "దిమాగ్ ఉన్నదా నీకు? మీ అవ్వ తల్లి ఎట్ల పోయిందో తెల్వదా?"

తెలియదు. సత్యంగా తెలియదు. అవ్వకు ఒక అమ్మ ఉండేదన్న ఆలోచనే నాకెప్పుడూ రాలేదు.

"రెండో కాన్పుల పోయింది. బిడ్డ గూడ దక్కలె. మీ అవ్వకు అప్పుడు ఆరేండ్లు. ఊరంత గామె దయ్యమైందని అన్నరు. గీ పిల్ల బావికాడికి పోతే కూడ, దయ్యం బిడ్డ వచ్చిందని పక్కకు జరిగేటోళ్ళంట. నాకు ఒక్కసారే జెప్పింది, మల్ల ఎన్నడు జెప్పలె."

సిగ్గుతో చచ్చిపోయాను. నేను మొదటి మెట్టెక్కించి, రంగులు వేయించి, ఊపుకుంటూ తెచ్చి ఆమె చేతిలో పెట్టింది ఆమె తల్లిని. రాత్రి అన్నం ముట్టబుద్ధి కాలేదు. అవ్వ మాత్రం తిన్నది. పల్లెంలోంచి తల ఎత్తకుండా తిన్నది.

సోమవారం పొద్దున్నే సారుకు ఫోన్ చేసి మొదటి మెట్టు తీసేయాలన్నాను.

"తీసేయడమా? బొమ్మ కూడా వేసేశారు కదండీ. అందరికీ నచ్చింది."

"తీసెయ్యాలి సార్. మా ఇంట్లో ఒకరికి కష్టంగా ఉంది."

ఆయన చెడ్డవాడేం కాదు. కానీ పని పనే. "సరే, తీసేద్దాం. మరి పైమెట్టు ఖాళీగా పెట్టి కథ నడపలేం కదా. ఇవాళ మధ్యాహ్నం మూడింటికి మీటింగు. అప్పటికి దీనికన్నా పెద్దది ఒకటి తీసుకురండి. లేకపోతే ఇదే ఉంటుంది, మీ పని సంగతి కూడా అప్పుడే మాట్లాడుకుందాం."

ఫోన్ పెట్టేసి అవ్వ మంచం దగ్గర నేల మీద కూర్చున్నాను. తప్పైందని చెప్పాను. నీ మాట వినకపోవడం నాదే తప్పు, తీసేయమని చెప్పానన్నాను. మధ్యాహ్నం మూడింటి సంగతి కూడా దాచలేదు.

అవ్వ ఇటు తిరిగింది. "తీసెయ్యకుంటే నీ ఉద్యోగం ఉంటదా?"

"ఉంటది."

"తీసేస్తే?"

"వేరేది దొరక్కపోతే మల్ల ప్లాట్ల ఆఫీసే."

అవ్వ లేచి కూర్చుంది. కొంగు సర్దుకుంది. ఏమనుకుందో ఏమో, ముఖంలోకి మెల్లగా పాత కళ వచ్చింది. "ప్లాట్లంటే యాదికొచ్చింది. గంతకన్న పెద్ద దయ్యం నీకు గావాలె, గంతేనా? నేనిస్త. గా సారుతోని నేనే మాట్లాడుత. నువ్వు జెప్తే ఖరాబ్ జేస్తవు."

మూడింటికి లాప్‌టాప్ పందిరి కింద స్టూలు మీద పెట్టాను. అటువైపు సారు, బొమ్మలావిడ. ఇటువైపు అవ్వ, ఆమె వెనకాల ఖాలా, సిస్టరమ్మ గుంజలకు ఆనుకుని. అవ్వ తెరలోకి వంగి చూసింది.

"సారూ, అన్నం తిన్నరా?"

"తిన్నానండి, తిన్నాను." ఆయన కంగారుపడ్డాడు.

"అయితే ఇనుండ్రి. మా దిక్కు ఒకడుండె. బతికినన్ని దినాలు ఏటా జానెడు జానెడు పక్కోని హద్దురాయి జరిపేటోడు. సచ్చినంక దయ్యమైండు. వాడు నెత్తురు తాగడు, పీక పిసకడు. మంచిగ వస్తడు. మీరు మంచం మీద పండుకుంటరు గద, మీ కాళ్ళకాడ జరంత జాగల కూసుంటడు. కూసోని, 'జర జరుగు' అంటడు."

"ఊఁ," అన్నాడు సారు.

"పాపమని మీరు జరుగుతరు. మల్ల 'జర జరుగు' అంటడు. మల్ల జరుగుతరు. తెల్లారేసరికి మీరు కింద నేల మీదుంటరు, వాడు మంచం మీద ఉంటడు. రేపు ఇంట్ల మూలకు జరుపుతడు. ఎల్లుండి వాకిట్లకు. ఏడాది తిరిగేసరికి మీ ఇల్లు మీదా అని మిమ్ములనే అడుగుతడు. ఏం అడిగిండు సెప్పుండ్రి? జానెడు జాగనే గద. వాన్ని ఏమిచ్చి పంపుతరు? చేప ఇస్తరా? కోడిస్తరా?"

తెరలో సారు ముఖం చూడాల్సింది. నవ్వు పోయింది. నీళ్ళ గ్లాసు అందుకున్నాడు. తర్వాత తెలిసింది, ఆయనకు బహదూర్‌పల్లిలో ఒక ప్లాట్ ఉంది. పక్కవాడు గోడ కట్టుకుంటూ ఒక అడుగు ఇటు జరిగాడు. ఈయన వెళ్ళి అడిగితే టీ పోసి, నవ్వుతూ పంపించాడు. మరుసటి ఏడు గేటు కూడా ఇటే వచ్చింది. నెత్తురు కళ్ళ ఆడమనిషికి బెదరని సారు హద్దురాయి దయ్యానికి హడలిపోయాడు.

"మరి దానికి విరుగుడు ఏంటండీ?" అన్నాడు. ఆ అడగడం కథ కోసం అడిగినట్టు లేదు.

"'నేను జరగ' అనాలె. ఒక్క మాట. గంతే, పోతడు. గని మనోళ్ళకు గా మాట నోట్లెకెల్లి రాదు సారూ, మొహమాటం. అందుకే వాడు ఫస్ట్ నంబర్."

వెనక నుంచి ఖాలా "హౌ, సహీ బాత్" అంది. సిస్టరమ్మ ఆమెన్ అంది. సారు అక్కడికక్కడే మొదటి మెట్టు మార్చమన్నాడు. బాలింత దయ్యం బొమ్మ వాడబోమని బొమ్మలావిడ కూడా ఒప్పుకుంది. నా ఉద్యోగం నిలబడింది. లాప్‌టాప్ మూయగానే ముగ్గురూ ఒకేసారి మాట్లాడడం మొదలుపెట్టారు. సారుకు అవ్వ చెప్పింది ఎక్కువ నచ్చిందా, తను అన్న ఆమెన్ నచ్చిందా అని సిస్టరమ్మ అనుమానం. ఖాలా ఇంటికి పోయి చాయ్ పెట్టించి పంపింది.

వాళ్ళు వెళ్ళిపోయాక, ఇంకా పొద్దు ఉండగానే, అవ్వ పక్కన కూర్చుని పట్టిక తెరిచాను. ఆమె కళ్ళ ముందే ఆ వరుస చెరిపేద్దామని.

"ఆగు," అంది అవ్వ. "తీసేసే ముందు ఏం రాసిన్రో సదువు."

"ఎందుకే ఇప్పుడు..."

"సదువు బిడ్డా."

చదివాను. ఎక్కడ ఉంటుంది, ఏం అడుగుతుంది, అన్నీ. చివరి గడి విరుగుడు. అది నేను ఖాళీగా వదిలితే సారు తన ఊళ్ళో విన్నది వేసి నింపాడు. "శ్మశానం నుంచి ఇంటి దాకా దారి పొడుగునా ఆవాలు చల్లాలి. అవన్నీ ఒక్కొక్కటిగా ఏరితే గానీ అది ఇంటికి రాలేదు. ఏరుతుండగానే తెల్లారిపోతుంది, వెనక్కి వెళ్ళిపోతుంది."

అవ్వ తల ఊపింది. "నిజమే. మా నాయినతోని గూడ సల్లిపిచ్చిన్రు. ఊరి పెద్దమనుషులు ఎనక నిలబడి, సల్లు సల్లు అన్నరు. నేను ఇంటి కడపకాడ నిలబడి సూస్తున్న. ఎందుకు సల్లుతున్నరని అడిగితే, మీ అమ్మ ఇంటికి రాకుండ, అన్నది ఒకామె."

లాప్‌టాప్ పక్కన పెట్టాను.

"తెల్లారి అందరు పనులకు పోయిన్రు. నేను పోయి దారిల కూసోని ఏరుడు వెట్టిన. గవి లేకుంటే మా అమ్మ జల్ది వస్తది గద. ఒక్కొక్కటి ఏరి ఒడిల ఏసుకున్న. మట్టిల కలిసినయి, కనవడుతలెవ్వు. ఏడ్సుకుంట ఏరిన. గంతల మా నాయిన వచ్చిండు. ఎనకకెల్లి వచ్చి నిలబడ్డడు. ఇగ కొడ్తడనుకున్న."

"కొట్టిండా?"

కళ్ళు నిండిపోయాయి. అవ్వ మాత్రం ఏడవడం లేదు. ఆమె చూపు వాకిలి దాటి దారి మీద ఉంది.

"లేదు. నెత్తికి చుట్టుకున్న రుమాలు ఇప్పి కింద పరిశిండు. నా పక్కకు కూసున్నడు. ఆయన గూడ ఏరుడు వెట్టిండు. ఊరోళ్ళు వస్తరు, జల్ది ఏరు బిడ్డా, అన్నడు."